పదును

ఏలూరు స్టేషన్లో పాసింజరు బండి కదలకముందే నిత్యానందం మాస్టారు చేతిలోని పెట్టెకు మూడుసార్లు చోటు మార్చాడు. మొదట పైబల్ల మీద పెట్టాడు, అక్కడ వేడెక్కుతుందేమోనని దింపాడు. కింద పెట్టాడు, ఎవరి కాలి బురద అంటుతుందోనని తీశాడు. చివరికి ఒళ్లోనే పెట్టుకుని, ఎండ పడని కిటికీ వైపు జరిగి, తడిపి పిండిన తువ్వాలు దాని మీద కప్పాడు. పురిటిబిడ్డను మోసుకెళ్లే అమ్మమ్మ కూడా అంత హైరానా పడదు. పెట్టెలో ఉన్నవి ఇరవై మూడు చుట్టలు, అంతే. పుట్టి బుద్ధెరిగి చుట్ట ముట్టని మనిషి, పొగాకు పాపమని మిషన్ బడిలో ముప్పై ఏళ్లుగా పిల్లల చేత వల్లె వేయించిన మనిషి, ఇవాళ ఆ ఇరవై మూడు చుట్టల్లో ఏ ఒక్కదాని ఆకు పగులుతుందోనని బండి కుదిపినప్పుడల్లా గుండె పట్టుకుంటున్నాడు. దేవుడు ఎవరిని ఎక్కడ కూర్చోబెడతాడో ఎవరు చెప్పగలరు.

తాడేపల్లిగూడెంలో సత్యవతి ఉంది. అతని భార్య. పదకొండేళ్ల కిందట, పంతొమ్మిది వందల ఇరవై అయిదులో, ఒక సోమవారం పొద్దున ఇదే బండెక్కి చెల్లెలింటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. పోయిన నెలలో చెల్లెలు దేవకుమారి కార్డు రాసింది. బావగారికి వందనములు, అందరం క్షేమం, అక్క నాన్నగారి చుట్టల పెట్టె అడుగుతున్నది, ఉన్నట్లయితే ఎవరిచేతనైనా పంపించగలరు. నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలనూ మాస్టారు నలభైసార్లు చదివాడు. ఎవరిచేతనైనా అంటే తన చేత కూడా అనే కదా, వ్యాకరణం ప్రకారం తను కూడా ఎవరైనాలోకి వస్తాడు కదా. పెట్టె కావాలంటే ఇన్నేళ్లుగా అడగనిది ఇప్పుడే ఎందుకు అడిగింది. ఇది పెట్టెను అడగడం కాదు, మనిషిని పిలవడం. అలా అనుకున్నాడు. పగటిపూట గట్టిగా అనుకునేవాడు, సాయంత్రమయ్యేసరికి ఆ గట్టితనం కాస్త సడలేది. ఇవాళ మాత్రం సడలనివ్వదలుచుకోలేదు. పెట్టె ఇస్తాడు, చెప్పవలసిన ఒక్క మాటా చెబుతాడు, సాయంత్రం బండికి ఆమెను వెంటబెట్టుకుని వస్తాడు. ఇంట్లో నీళ్ల బానలు రెండూ నింపి వచ్చాడు.

దెందులూరు దాటుతుంటే కార్తీకపు చేలు పొట్ట మీద ఉన్నాయి, వాటి మీదుగా దక్షిణానికి కొంగల బారు ఒకటి పోతోంది. కొల్లేటికే. ఇక్కణ్ణుంచి నీళ్లు కనపడవు గాని అటు చూస్తే చాలు ఆ నీళ్ల వాసన, నాచు వాసన, పడవ అడుగున ఊరిన తారు వాసన వచ్చేస్తాయి అతనికి. ఆకివీడు దగ్గర ఆ కాలవ, ఆ పడవ, ఆ పడవలో మామ యాకోబు. ధాన్యం పడవ నడిపేవాడు. గోదావరి లంకల దాకా వెళ్లినప్పుడల్లా ఆకు తెచ్చుకుని తన చుట్టలు తనే చుట్టుకునేవాడు. పెళ్లయిన కొత్తలో అల్లుడికి సరస్సు చూపిస్తానని ఎక్కించుకున్నాడు. తెల్ల పంచె తడవకుండా మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్న అల్లుడి ఎదురుగానే తండ్రీ కూతురూ చెరో చుట్ట వెలిగించారు. గాలికి ఆరిపోకుండా నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చింది సత్యవతి, కొల్లేటి పడవ ఆడవాళ్లందరూ పీల్చినట్టే, ఆ నోటితోనే నవ్వింది కూడా, ముక్కులోంచి పొగ వస్తుండగా. సిగ్గుతో చచ్చిపోయాడు అతను. సిగ్గు ఒక్కటేనా. నిప్పు నోట్లో పెట్టుకుని నవ్వగలిగిన పిల్ల తన భార్య అని లోపల ఎక్కడో గర్వం కూడా. ఆ గర్వం సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గు సంగతే చెప్పాడు. మిషన్ మాస్టారి ఇల్లు, దొరసాని వస్తూ పోతూ ఉంటుంది, బాగుండదు అన్నాడు. మీకిష్టం లేకపోతే మానేస్తానండి అంది. మానేసింది. ఆ రోజు నుంచి ముట్టలేదు. ముట్టలేదని ఇప్పుడు తెలుసు అతనికి. నెల కిందటి దాకా తెలియదు.

తెలియకపోవడమేమిటి, నమ్మకపోవడం. రెండూ ఒకటి కాదు. యాకోబుకు చివర్లో కాళ్లకు నీరు పట్టింది. పడవ ఎక్కలేక అరుగు మీద కూర్చుని, మంచి ఆకంతా ఏరి, పాతిక చుట్టలు చుట్టాడు, అరటినారతో ఒక కట్ట కట్టాడు, పడవ చెక్కలో మిగిలిన టేకుతో తను చేసుకున్న పెట్టెలో పెట్టి కూతురి చేతికిచ్చాడు. ఎండనివ్వకమ్మా, లేచాక తాగుతాను అన్నాడు. లేవలేదు. పెట్టె ఏలూరు వచ్చింది. వారం వారం శనివారం నాడు కొత్త కుండ పెంకు ఒకటి నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, పెట్టెలో ఓ మూల పెట్టేది సత్యవతి, చుట్టలకు తగలకుండా. ఆ చెమ్మ చుట్టలు తాగేవి, అంతే. ఏమిటి చేస్తున్నావంటే పదును పెడుతున్నానండి అనేది. నాన్న పోయాడు, ఇంకా ఎవరి కోసం అని అడిగి ఉంటే ఏం చెప్పేదో. అడగలేదు. ఎండని చుట్ట అంటే తాగే చుట్టే, చాటుగా తాగుతోంది కాబట్టే మెత్తగా ఉంచుకుంటోంది అని తనంతట తనే తేల్చుకున్నాడు. పిల్లలకు లెక్క తప్పితే బెత్తం తీసే మాస్టారు ఒక్కసారి ఆ పెట్టె తెరిచి పాతిక ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోలేదు.

భీమడోలులో ఒక పెద్దాయన ఎక్కాడు. తలగుడ్డ విప్పి బల్ల దులిపి ఎదురుగా కూర్చున్నాడు, కూర్చున్న కాసేపటికే ముక్కు ఎగబీల్చాడు. పొగాకు మనిషి ముక్కు అది, దాన్నుంచి ఏదీ దాగదు. లంకాకేనాండీ అన్నాడు తువ్వాలు వైపు చూస్తూ. అవునన్నాడు మాస్టారు. ఒకటిప్పిస్తారా మరి అన్నాడాయన, ఎంతో మర్యాదగా, తమలపాకు అడిగినట్టు. నావి కావండి అన్నాడు మాస్టారు. ఆయన నవ్వి, కాకపోతే అంత జాగర్తగా ఒళ్లో ఎందుకెట్టుకుంటారండి అన్నాడు, అని మళ్లీ వాసన చూసి, మొహం కాస్త అదోలా పెట్టి, ఏమీ అనుకోకండి, పొగాకుతోబాటు కలరా ఉండల వాసన కూడా వస్తందండి అని కిటికీ వైపు తిరిగిపోయాడు. మాస్టారికి చెంపమీద కొట్టినట్టయింది. నెల రోజులుగా ఆ పెట్టెలో ముక్కు పెట్టి బతుకుతున్నాడు, తనకు తెలియనే లేదు. పదకొండేళ్లు బీరువా అడుగున, పాత హాజరు పట్టీల కింద, పురుగు పట్టకుండా వేసిన కలరా ఉండల మధ్య పెట్టాడు దాన్ని. పొగాకు ఏ వాసన దగ్గరుంటే ఆ వాసన పీల్చుకుంటుందట, మంచైనా చెడైనా. యాకోబు ఏరిన ఆకు వాసన పోయి మాస్టారి బీరువా వాసన పట్టింది.

పారేయండి అన్నారు మిషన్ దొరగారు ఆనాడు. పారేయలేదు. ఆమెకు తిరిగి ఇవ్వనూ లేదు. పారేస్తే తప్పు చేసినట్టుంటుంది, ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది, అందుకని బీరువాలో పెట్టాడు. మాస్టారి పద్ధతే అది, ఏ సంగతైనా బీరువాలో పెట్టేయడం.

ఆనాడు. వద్దనుకున్నా బండి చక్రాలు ఆ మాటే అంటున్నాయి. దొరసాని ఇంటికి వచ్చింది, గదిలో పొగాకు వాసన వేసింది, మాస్టారిని అడిగింది. నాకేమీ తెలియదండి అన్నాడు. అదీ మొదటి మెట్టు. హెడ్మాస్టరు ఉద్యోగానికి తన పేరు మద్రాసు వెళ్లి ఉంది అప్పుడు. సత్యవతిని అడిగితే దాచలేదు, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలను కూర్చోబెట్టారు. గుడి వెనక గది, గడియారం, దొరగారి ముందు నల్ల అట్ట పుస్తకం. ఇవి నీవేనా అంటే నావేనండి అంది. తాగుతున్నావా అంటే లేదండి అంది. తాగనిదానివి వీటితో ఏం చేస్తున్నావు అంటే, పదును పెడతానండి వారం వారం అంది. దొరగారిది నిఘంటువులో నేర్చుకున్న తెలుగు. ఆయన కలం ఆగింది. మొహం ఎర్రబడింది. మాస్టారి వైపు తిరిగాడు.

“పదును అనగా కత్తికి పెట్టునది కదా, నిత్యానందం?”

దొరగారు తప్ప ఆ గదిలో ఉన్నవాళ్లు ఏడుగురూ మట్టిలో పుట్టినవాళ్లే. వాన పడితే నేల పదునైందని నాగలి కట్టేవాళ్ల కొడుకులే. ఆకుకు పదునంటే చెమ్మ అని, పట్టుకుంటే విరక్కుండా వంగే మెత్తదనమని, అందరికీ తెలుసు. పెద్దల్లో ఒకాయన, ఏసోబు, గొంతు సవరించుకున్నాడు కూడా, చెబుదామనే. కాని అడిగింది ఇంటాయన్ని. ఇంటాయన చెప్పాక మధ్యలో పైవాళ్లేమిటి. ఆ ఒక్క క్షణం మాస్టారు ఎన్ని లెక్కలు వేశాడో. చెమ్మ అని చెబితే, ఆమె వారం వారం చేసేది నీకెలా తెలుసు అంటారు, తెలిసీ దొరసానితో తెలియదన్నావా అంటారు. ఉద్యోగం. పేరు. పైగా ఈవిడ ఎలాగూ తాగుతూనే ఉంది కదా. కత్తికి పెట్టేదేనండి అన్నాడు. అవునండి అని మళ్లీ అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. చుట్టలకు సానపడతానని పెద్దలను ఎగతాళి చేసిందని పుస్తకంలో రాశారు. ఆరు నెలలు ప్రభువు బల్లకు, అక్కడ ఇచ్చే రొట్టెకూ రసానికీ, దూరం పెట్టారు. సత్యవతి తల ఎత్తి భర్త వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఇంకా ఏదో చెబుతాడని చూసినట్టు చూసింది. అతను గడియారం చూశాడు.

ఆరు నెలలూ అన్నం వండి పెట్టింది. అడిగినదానికి జవాబు చెప్పింది. ఆదివారం అందరూ బల్ల దగ్గరికి వెళుతుంటే వెనక బెంచీలో కూర్చుంది. గడువు తీరిన ఆదివారం వెళ్లి రొట్టె, రసం పుచ్చుకుంది, మర్నాడు బండెక్కింది. శిక్షకు భయపడి పారిపోయిందని ఎవరూ అనకుండా పూర్తిగా అనుభవించి మరీ వెళ్లింది, ఎంత పట్టుదల మనిషి అని ఊరంతా అనుకుంది. అతనూ అనుకున్నాడు. హెడ్మాస్టరయ్యాడు. కుర్చీకి చేతులుండేవి, అంతకుముందు కుర్చీకి ఉండేవి కావు. పదకొండేళ్లలో ఆ కుర్చీ వల్ల జరిగిన లాభం ఇంతే అనిపిస్తుంది ఒక్కోసారి.

పూళ్ల. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. తువ్వాలు ఆరిందేమోనని తడిమి చూసుకున్నాడు. కార్డు వచ్చిన రోజు పెట్టె తెరిస్తే చుట్టలు ఎండి పుల్లలై ఉన్నాయి. మూత తీసిన కుదుపుకే పైఆకు పొట్టులా రాలింది. కాని కట్ట కట్టలాగే ఉంది. నారకట్టు మీద యాకోబు ముడి, పడవ తాడుకు వేసే ముడి, కొస లోపలికి దోపి బిగించింది, అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. లెక్కపెట్టాడు. పాతిక. మళ్లీ లెక్కపెట్టాడు. హెడ్మాస్టరుగారు బీరువా ముందు నేల మీద చతికిలబడి, పాతిక వరకు లెక్కపెట్టి, ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆ ఆకులు కూడా ఎండినవి.

ఎండినవాటికి నీళ్లు చాలుననుకుని పై రెండింటి మీద చిలకరించాడు. తెల్లారేసరికి అవి ఉబ్బి, నిలువునా పగిలి ఉన్నాయి. అప్పుడు వెళ్లాడు తాతారావు దగ్గరికి, కాలవ వంతెన పక్కన చుట్టలు చుట్టే ముసలాయన దగ్గరికి. తలుపు చాటున అడిగినట్టు అడిగాడు, బడిపిల్లలు చూస్తారేమోనని. తాతారావు నవ్వలేదు. ఎండిన ఆకు దాహం మీద ఉంటదండి మాస్టారూ, నీళ్లు చూపిస్తే ఒక్కసారే తాగేసి పగిలిపోద్దండి, గాలిలో చెమ్మే తాగాలి, అదీ కొంచెం కొంచెం అన్నాడు. కొత్త కుండ పెంకు అన్నాడు. మూడు రోజులకోసారి పెంకు మార్చడం, చుట్టలు తిరగెయ్యడం, ఎండా పొయ్యీ తగలని మూల, పెట్టె మాటిమాటికీ తెరవకపోవడం. పైన తెల్లగా పొడి కనపడితే గుడ్డతో తుడవండి, పోతే అది ఆకు చెమటే, కంపు కొడితే బూజు, దాన్ని తీసి దూరంగా పారేయండి, ఒకటి పాడైతే అన్నీ పాడు. చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కితే గలగల అనకూడదు. అంతా విని రాసుకున్నాడు మాస్టారు, నోటుబుక్కులో, ఒకటీ రెండూ అని నంబర్లు వేసి. తన ఇంట్లో తన కళ్ల ముందు వారం వారం జరిగినదాన్ని పాఠంలా రాసుకున్నాడు.

ఒక్కటే చిక్కు. కట్టు విప్పకపోతే లోపలివాటికి పదును ఎక్కదు అన్నాడు తాతారావు. వారం రోజులు విప్పలేదు. పైవి మెత్తబడ్డాయి, లోపలివి గలగలలాడుతూనే ఉన్నాయి. ఎనిమిదో రోజు విప్పాడు. ఆ నార చేతిలోనే మూడు ముక్కలై విరిగింది. యాకోబు చేతి పని ఈ లోకంలో ఇంకేమైనా మిగిలిందీ అంటే ఆ ముడే. సత్యవతి తాగలేదనడానికి సాక్ష్యం ఉందీ అంటే అదీ ఆ ముడే. మంచి చేయబోయి దాన్నీ విరగ్గొట్టాడు. మళ్లీ అలా ముడి వేద్దామని కొత్త నార తెచ్చి కూర్చుంటే చెప్పుల మూటకు వేసే ముడి పడింది. తీసేశాడు. ఇప్పుడవి విడివిడిగా ఉన్నాయి పెట్టెలో.

ఉంగుటూరు. ఇంక రెండు స్టేషన్లు. చెప్పవలసిన మాట మళ్లీ సర్దుకున్నాడు. నువ్వు తాగలేదని నాకిప్పుడు తెలిసింది, ఇది కాదు, ఇది సులువైన మాట, ఇందులో తప్పు తెలియకపోవడానిది. పదునంటే ఏమిటో ఆనాడే నాకు తెలుసు. ఇదీ చెప్పవలసింది. తన మొగుడు పట్నం చదువు చదివి నేల మాట మరిచిపోయిన అమాయకుడని కదా ఆమె ఇన్నేళ్లూ అనుకుని ఉంటుంది, తెలియక అన్నాడులే అని ఎంతో కొంత క్షమించి ఉంటుంది. ఆ కాస్త క్షమాపణను కూడా తన చేత్తో తనే తీసేయాలి. తీసేశాకే మిగిలింది అడగాలి. ఇంత నిజం చెప్పిన మనిషి మీద ఎవరికైనా జాలి కలక్కుండా ఉంటుందా. అలా కూడా అనుకున్నాడు, అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

తాడేపల్లిగూడెం. రైసుమిల్లు ఊక గాలిలో ఎగురుతోంది. మిల్లు వెనక సందులో మూడో ఇల్లు. దేవకుమారి తలుపు తీసి, కంగారుపడి, కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. సత్యవతి వచ్చింది. చెంపలు తెల్లబడ్డాయి. బాగున్నారాండీ అంది. పెట్టె అందుకుని గుమ్మంలో కూర్చుంది, మూత తీసింది, విడిగా ఉన్న చుట్టలను, లేని కట్టును చూసింది, ఏమీ అడగలేదు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. పదును బాగా కుదిరిందండి, ఎవరు చేశారు అంది. నేనే అన్నాడు. ఆమె కొంచెం సేపు దాన్ని చేతిలోనే ఉంచుకుంది. బండిలో సర్దుకున్న వరస అంతా పోయి, మాటలు ఎలా వస్తే అలా అన్నాడు మాస్టారు.

“ఆ రోజు దొరగారు అడిగారే, పదునంటే ఏమిటని. నాకు తెలుసు సత్యవతీ. తెలిసే అన్నాను.”

“మీకు తెలుసని నాకు తెలుసండి. శనివారాలు ఆ పెంకు మీద నీళ్లు తోడి పోసింది మీరే కదా.”

నూతి గట్టు, చేద, ఆమె పట్టుకున్న పెంకు మీద పడే నీళ్లు, ఆమె మోచేతుల మీద చింది ఇద్దరూ నవ్వడం, పదకొండేళ్లుగా ఎక్కడ ఉందో అదంతా ఒక్కసారిగా వచ్చింది. ఇన్నాళ్లూ అది అతనికి గుర్తు లేదు. గుర్తు లేకుండా చేసుకున్నాడు.

“మరి ఆర్నెల్లు ఇంట్లోనే ఉన్నావు. ఒక్కసారి అడగలేకపోయావా నన్ను?”

“అడిగితే చెప్పేవారేనండి. అడక్కుండా చెబుతారేమోనని ఆర్నెల్లూ చూశాను.”

గొంతు పెంచలేదు. ఎప్పుడో తీరిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పి, పెట్టె మూత వేసి లేచింది. లోపల దేవకుమారి అన్నానికి ఆకు వేసింది. మాస్టారు వెళ్లి కూర్చున్నాడు, ఇంకేం చేయాలో తోచక. సత్యవతే వడ్డించింది. కొల్లేటి చేపల పులుసు, అతనికి ఇష్టమని ఆమెకు గుర్తుంది, ముళ్లు లేని ముక్కలు ఏరి వేసింది. సాయంత్రం బండి ఎన్నింటికో చెప్పింది. అతను ముద్ద కలిపి అలాగే కూర్చుంటే పక్కన నిలబడి, ఎంతో ఆదరంగా, మొహమాటపడకండి, తినండి అంది. కోపంతో ఏమన్నా భరించేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ మాట ఆమె అతనితో ఎప్పుడూ అనలేదు. అది ఇంటికి వచ్చిన పైవాళ్లతో అనే మాట.